చెల్లని నోట్లు – చెల్లిన చేతులు



పరిచర్య నిమిత్తము దూరదేశము వెళ్ళి వచ్చినవారు సాధారణంగా అక్కడ జరిగిన మేలులను గురించి సాక్ష్యము చెప్తారు. నేను మాత్రం దారిలో జరిగిన కీడులను గురించి, వాటిలో నా చేతులారా చేసుకొన్న ఒక తప్పును గురించి వ్రాయాలనుకుంటున్నాను. ఇది జరిగి కొన్ని సంవత్సరాలైంది. అయినా కానుక పళ్ళెము చేతికి వచ్చిన ప్రతి ఆదివారము అది నాకు గుర్తుకు వస్తూనే ఉంటుంది.

మాది కృష్ణా జిల్లా దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి నేను పుట్టలేదు. కాని మా ఊళ్ళో పెరిగిన ఏ పిల్లవానికీ ఆ కథ వేరే చెప్పనక్కరలేదు. వేలాది మంది ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయారు. మా సంఘములో ఒక మామ్మ ఉండేది. ఉప్పెనలో ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్నది. “బాబూ, మన భాష రానివాళ్ళు ఎక్కడి నుంచో వచ్చి మన శవాలు తీశారు, మన ఇళ్ళు కట్టారు. వాళ్ళ పేర్లు కూడా మనం అడగలేదు” అని చెప్తూ ఉండేది.

2015 ఏప్రిల్ 25న నేపాలులో భూకంపము వచ్చినది. దాని తీవ్రత 7.8. గోర్ఖా జిల్లాలోని బార్పాక్ దగ్గర మొదలైన ఆ కదలికకు దాదాపు 9,000 మంది చనిపోయారు. నేను థియాలజీ డిప్లమా చదివే రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న నేపాలీ సహోదరుడు ఆ గోర్ఖా జిల్లాలోనే ఒక కొండ ఊరిలో సేవ చేస్తున్నాడు. ప్రార్థన మందిరము కూలిపోయిందనీ, ఏడాది అవుతున్నా సంఘస్థులు రేకుల కింద తల దాచుకుంటున్నారనీ ఫోనులో చెప్పాడు. ఈ సంగతి ఆదివారము ఆరాధనలో చెప్పగానే మా మామ్మ లేచి నిలబడి, “మన బాకీ తీర్చే రోజు వచ్చింది అయ్యగారూ” అన్నది. ఇక ఎవ్వరూ మారు మాట్లాడలేదు.

ఆరు నెలలు మా సంఘము కానుక పోగు చేసింది. స్త్రీలు పూట పూటా తీసిపెట్టిన పిడికెడు బియ్యము అమ్మారు. కూలికి వెళ్ళే సహోదరులు వారానికి ఒక పూట కూలి ఇచ్చారు. మొత్తము 46,000 రూపాయలైంది. అన్నీ పదులు, ఇరవైలు, యాభైలు, వందలే. కొంగున ముడి వేసిన నోట్లు, పసుపు వాసన వేసే నోట్లు, చెమటకు మెత్తబడిన నోట్లు. సంఘపు లెక్కలు చూచే సహోదరి ఆ సొమ్మును ఒక గుడ్డ సంచిలో పోసి నాకు అప్పగిస్తూ, “అయ్యగారూ, చిన్న నోట్లుగానే ఉంచండి. పరాయి చోట చిల్లరకే విలువ” అని హెచ్చరించింది.

నేను తల ఊపాను గాని ఆమె మాట వినలేదు. విదేశము వెళ్తున్న పాస్టరు కొట్టు సామానులాగా గుడ్డ సంచి మోసుకొని వెళ్ళడమేమిటని నాకు నామోషీ వేసింది. ఎవరికీ చెప్పకుండా ఎరువుల కొట్టుకు వెళ్ళి సంచి మొత్తము మార్చేశాను. చిల్లరకు కటకటగా ఉన్న కొట్టు యజమాని సంతోషంగా 40 వేయి రూపాయల నోట్లు, 12 అయిదు వందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. సన్నని కట్ట, నా బైబిలు సంచి అరలో చక్కగా అమరింది. ఎంత శుభ్రంగా ఉందో అనుకొన్నాను.

మేము అయిదుగురము బయలుదేరాము. మేస్త్రీలైన అన్నదమ్ములిద్దరు, ఒక వడ్రంగి సహోదరుడు, కువైట్‌లో రెండేళ్ళుండి హిందీ నేర్చుకొన్న కరెంటు పని కుర్రవాడు, నేను. నేపాలులో 2015 సెప్టెంబరు 20న అమలులోకి వచ్చిన రాజ్యాంగము ఇతరుల మతము మార్చుటను నిషేధించినది. గనుక సభలు పెట్టడము మా ఉద్దేశము కాదు. గోడ కట్టడము, కప్పు వేయడము, తిరిగి రావడము – అంతే. భారతీయులకు నేపాలు వెళ్ళడానికి వీసా అక్కరలేదు. ఓటరు కార్డులు జేబులో పెట్టుకొని 2016 నవంబరు 8, మంగళవారము ఉదయము విజయవాడలో గోరఖ్‌పూర్ వెళ్ళే రైలెక్కాము. “శనివారానికి తప్పక చేరండి” అని నా స్నేహితుడు ఫోనులో మూడుసార్లు చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. మా లెక్క ప్రకారము గురువారము రాత్రికే చేరిపోవాలి.

ఆ తారీఖు చూచిన వెంటనే మీలో కొందరికి మిగతా కథ అర్థమై ఉంటుంది. రైలు నాగపూరు ప్రాంతములో ఉండగా రాత్రి మా కుర్రవాడు ఫోను చూచి కెవ్వుమన్నాడు. ఆ అర్ధరాత్రి నుండి అయిదు వందలు, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి టీవీలో ప్రకటించారు. పెట్టె అంతా ఒక్కసారి గోల. నేను మాత్రం నా బైబిలు సంచిని గుండెకు హత్తుకొని పై బెర్తులో పడుకొన్నాను. నిద్ర ఎక్కడిది? గుడ్డ సంచిలోని ఆ పదులు, ఇరవైలు కళ్ళముందు ఆడాయి. వాటిని ఉన్నవాటిని ఉన్నట్టుగా తెచ్చి ఉంటే ఈ ప్రకటన మమ్మల్ని ఏమీ చేసేది కాదు.

తెల్లవారింది. టీ అమ్మేవాడు అయిదు వందల నోటు చూచి చేతులు జోడించాడు. మా అయిదుగురి దగ్గర కలిపి ఉన్న చిల్లర దారి ఖర్చులకే చాలీ చాలనట్టుంది. ఎదుటి బెర్తులోని ముసలి ముస్లిము పెద్దాయన మా సంగతి కనిపెట్టి, తన భార్య కట్టిచ్చిన పూరీలు, బంగాళాదుంప కూర మా మధ్య పెట్టి, తినమని సైగ చేశాడు. చిన్న మేస్త్రీ, “భోపాల్‌లో దిగి వెనక్కు పోదాం అయ్యగారూ, ఉత్త చేతులతో వెళ్ళి ఏం ముఖము చూపిస్తాం?” అన్నాడు. వడ్రంగి సహోదరుడు, “అయినా అవ్వాళ్ళు పది రూపాయల నోట్లిచ్చారు గదా, ఇవి ఎక్కడివి?” అని అడిగాడు.

అబద్ధము చెప్పడానికి నాకు దారి లేకపోలేదు. బ్యాంకులో మార్చారట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చిన ఆ మాటను ప్రభువే ఆపాడని నమ్ముతాను. “నేనే మార్చాను. సంచి మోయడానికి సిగ్గుపడి మార్చాను. చెప్పిన ఆమె మాట పెడచెవిన పెట్టాను. నన్ను క్షమించండి” అన్నాను. పాస్టరు తన విశ్వాసుల ముందు తల వంచుకొని కూర్చోవడము ఎలాగుంటుందో ఆ రోజు తెలిసింది. కొంతసేపు రైలు చప్పుడు తప్ప మరేమీ లేదు. చివరకు పెద్ద మేస్త్రీ తన అరచేతులు చాపి చూచుకొని, “నోట్లు చెల్లవన్నారు గాని చేతులు చెల్లవని ఎవరూ అనలేదు గదండీ. పోదాం పదండి” అన్నాడు.

మా ప్రయాణమంతటిలో నేను విన్న గొప్ప ప్రసంగము అదే.

రైలు ఆలస్యమై గురువారము తెల్లవారుజామున గోరఖ్‌పూర్ చేరాము. అక్కడి ప్లాట్‌ఫారము పొడవు 1,366 మీటర్లు. 2023లో హుబ్బళ్ళి స్టేషను దానిని మించేవరకు ప్రపంచములో అదే అన్నిటికన్నా పొడవైనది. ఆ సంగతి మాకు నడిచాక గాని తెలియలేదు. రద్దీలో వడ్రంగి సహోదరుడు పనిముట్ల సంచితో ఇంకొక పెట్టెలోనుండి దిగి, మమ్మల్ని వెదుకుతూ ఆ చివరకు వెళ్ళాడు. మేము అతనిని వెదుకుతూ ఈ చివరకు వెళ్ళాము. అరగంట తర్వాత, బాడిస, రంపము, తాపీలు, రసమట్టము ఉన్న సంచి మీద కూర్చొని ప్రార్థన చేసుకుంటూ కనిపించాడు.

నోట్లు మార్చడానికి బ్యాంకులు తెరిచిన మొదటి రోజు ఆ గురువారమే. ఒక్కొక్కరికి 4,000 రూపాయల వరకే మార్పు. ఫారము నింపి, గుర్తింపు కార్డు చూపించి, మేము అయిదుగురము సాయంత్రము దాకా క్యూలో నిలబడ్డాము. 20,000 మారింది. మాకు ఇచ్చినది ఒక్కొక్కరికి ఒక కొత్త రెండు వేల నోటు, మిగతాది వంద నోట్లు. ఇంకా 26,000 పాత నోట్లు అలాగే మిగిలాయి. సరిహద్దుకు వెళ్ళే బస్సులో పాత అయిదు వందల నోటు ఇస్తే, కండక్టరు తన ఖాళీ సంచి తెరిచి చూపించి, తిరిగి ఇవ్వడానికి చిల్లర లేదన్నాడు. దారి ఖర్చుల చిల్లరే కరిగించాము. ఆ రాత్రి సోనౌలీలో ఒక చిన్న సత్రములో పడుకొన్నాము.

శుక్రవారము ఉదయము నడిచి సరిహద్దు దాటాము. పనిముట్ల సంచి చూచిన పోలీసు బాడిసను బయటకు తీసి అటూ ఇటూ తిప్పి, ఎందుకని అడిగాడు. మా కుర్రవాడు హిందీలో చెప్తున్నాడు గాని ఆయన నమ్మలేదు. అప్పుడు పెద్ద మేస్త్రీ ఏమీ మాట్లాడక రసమట్టము తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. గాజులోని బుడగ ఒక ప్రక్కకు పోయింది. మేస్త్రీ ఒక కాగితము మడిచి బల్ల కాలి కింద పెట్టగానే బుడగ నడిమికి వచ్చింది. పోలీసు నవ్వి, వెళ్ళమన్నాడు.

నేపాలులో మన రూపాయిని “ఐసీ” అంటారు. మన 100 రూపాయలకు వాళ్ళవి 160 వస్తాయి. 1993 నుండి అదే లెక్క. మా వంద నోట్లు 10,000 రూపాయలను సంతోషంగా తీసుకొని 16,000 నేపాలీ రూపాయలిచ్చారు. కొత్త రెండు వేల నోటు చూపిస్తే మాత్రం అటూ ఇటూ తిప్పి చూచి వెనక్కు ఇచ్చేశారు. పాత వేయి చెల్లదు, కొత్త రెండు వేలు ఎవరూ ఎరుగరు. ఎవరినడిగినా వందలున్నాయా అనే అడిగారు! మా లెక్కల సహోదరి మాట చెవుల్లో మ్రోగింది.

భైరహవాలో ఉదయము 7 గంటల బస్సు. మా గడియారాల్లో 6.50 అయింది. పది నిమిషాలు ముందే వచ్చామని సంతోషిస్తూ కౌంటరుకు వెళ్తే బస్సు వెళ్ళిపోయిందన్నారు. నేపాలు గడియారము మనకన్నా 15 నిమిషాలు ముందు నడుస్తుంది! తరువాతి బస్సు టిక్కెట్టు మీద సంవత్సరము 2073 అని ఉంది. వాళ్ళది విక్రమ శకము గదా. “అయ్యగారూ, ఒక్క గేటు దాటి 57 ఏళ్ళు ముందుకొచ్చాం గాని పావుగంట వెనకబడ్డాం” అని కుర్రవాడు నవ్వించాడు. నవ్వడానికి ఆ రోజుకు మాకు అదొక్కటే దొరికింది.

రాత్రికి నారాయణ్‌గఢ్ చేరాము. అక్కడి నుండి ముగ్లింగ్ వరకు నది వెంబడి, కొండ అంచున రోడ్డు. ఆ సంవత్సరాల్లో దానిని వెడల్పు చేస్తున్నారు. రోజులో కొన్ని గంటలు వాహనాలను ఆపేసి కొండను తొలిచేవారు. శనివారము ఉదయము సరిగ్గా మా బస్సు ముందే తాడు కట్టారు. ఒక ప్రక్క బండలు దొర్లుతున్నాయి, ఇంకొక ప్రక్క లోతున త్రిశూలి నది. ఎప్పుడు వదులుతారో తెలియదు. రోడ్డు ప్రక్కన రాయి మీద కూర్చొని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తెరిచాను. ఓడ పగిలినా పౌలు చేరవలసిన చోటికి చేరాడు గదా అని ఓదార్పు పొందాను. అంతలోనే కొరింథీయులకు రెండవ పత్రిక 8వ అధ్యాయము గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. మాకెదోనియలోని బీద సంఘాలు ఇచ్చిన కానుకను యెరూషలేముకు చేర్చవలసి వచ్చినప్పుడు పౌలు ఒంటరిగా ఏమీ చేయలేదు. ఎవరూ తప్పు పట్టకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరులను తోడు పెట్టుకొన్నాడు. ఈ భాగము మీద డిప్లమా పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఎరువుల కొట్టుకు వెళ్ళేటప్పుడు మాత్రం నా తోడు ఎవరూ లేరు.

గోర్ఖా బజారు చేరి, జీపు ఎక్కి, చీకటి పడే వేళకు ఆ ఊరు చేరాము. నా స్నేహితుడు రేకుల షెడ్డు ముందు లాంతరు పట్టుకొని నిలబడ్డాడు. “జయమసీహ” అని వందనము చేసి, చదువుకొనే రోజుల్లో నా దగ్గర నేర్చుకొన్న తెలుగులో, “అన్నా, ఇంత లేటా?” అన్నాడు. నేను ఆయాసపడుతూ, “ఏమీ పరవాలేదు తమ్ముడూ, ఆరాధన రేపే గదా, వాక్యము సిద్ధపరచుకొనే వచ్చాను” అన్నాను. అతడు జాలిగా చూచి, “ఆరాధన ఈ రోజే అన్నా. మీ కోసము రెండు గంటలు ఆగాము” అన్నాడు.

అప్పుడు గుర్తుకు వచ్చింది. నేపాలులో వారపు సెలవు శనివారము. అప్పట్లో ఆదివారము బడులు, ఆఫీసులు అన్నీ ఉండేవి గనుక అక్కడి సంఘాలు శనివారమే కూడుకొనేవి. చదువుకొనే రోజుల్లో అతడు చెప్పినదే, నేను మరిచాను. భూకంపము వచ్చిన 2015 ఏప్రిల్ 25 కూడా శనివారమే. మధ్యాహ్నము 12 గంటలకు నాలుగు నిమిషాల ముందు. విశ్వాసులు మందిరాల్లో ఉండే వేళ. ఆ ఊరి మందిరములోనూ ముగ్గురు ప్రార్థనలో ఉండగానే ప్రాణాలు విడిచారు. వారిలో ఒకరు నా స్నేహితుని తల్లి. ఫోనులో ఇన్నిసార్లు మాట్లాడినా ఆ సంగతి అతడు చెప్పలేదు.

రాత్రి పడుకోబోయే ముందు పెద్ద మేస్త్రీ నా దగ్గరకు వచ్చాడు. రక్షణ పొందిననాటి నుండి పన్నెండేళ్ళుగా అతడు ఆదివారము తాపీ ముట్టినవాడు కాడు. ఆదివారము పనికి రానన్నందుకు పెద్ద పెద్ద పనులు పోగొట్టుకొన్నాడు. “అయ్యగారూ, రేపు ఊరందరూ పనిలోకి వస్తారట. నన్నేం చేయమంటారు?” అని అడిగాడు. ఇది తేలిక ప్రశ్న కాదు. అతడు ఆ నియమము కోసము నష్టపడినవాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇద్దరము మోకరించాము. లేచాక, “గోతిలో పడిన గొఱ్ఱెను విశ్రాంతి దినమున పైకి తీయరా అని ప్రభువు అడిగిన సంగతి గుర్తుందా? వీళ్ళు ఏడాదిన్నరగా గోతిలోనే ఉన్నారు” అన్నాను. అతడు కొంతసేపు ఆలోచించి, “అయితే రేపటి పనికి కూలి మాట అనుకోను, కానుక అనుకొంటాను” అన్నాడు. అసలు మేమెవ్వరము కూలి తీసుకొనేవారము కాము. అయినా అతని మాట నాకు అర్థమైంది.

ఆదివారము ఉదయము నేను ప్రసంగము చెప్పలేదు. రాళ్ళు మోశాను. అక్కడి పాత ఇళ్ళు రాయి, మట్టితో కట్టినవి. గోడను ఈ ముఖము నుండి ఆ ముఖము దాకా పట్టి ఉంచే పొడవు రాళ్ళు లేక, చుట్టూ బెల్టు లేక, కుదుపుకు గోడ రెండు పొరలుగా విడిపోయి కూలింది. మా మేస్త్రీలు ఇక్కడ ప్లింత్ బెల్టు, లింటల్ బెల్టు వేసి అలవాటున్నవారు. సిమెంటు, ఇనుము దొరకని కొండ మీద వడ్రంగి సహోదరుడు అక్కడి చెక్కతోనే బెల్టులు చేశాడు. భాష రాకపోయినా తాపీకి తాపీ జవాబు చెప్పింది. మా 16,000తో కొన్ని జస్తా రేకులే వచ్చాయి. కప్పు సగమే పడింది.

ఆ పై శనివారము నవంబరు 19. ఆ సగము కప్పు కింద నేను మాట్లాడాను. సిద్ధపరచుకొన్న ప్రసంగము ప్రక్కన పెట్టి, 39 సంవత్సరాల క్రితము అదే తారీఖున మా ఊరికి వచ్చిన ఉప్పెన సంగతి, పేరు చెప్పకుండా వచ్చి ఇళ్ళు కట్టి వెళ్ళిన పరాయివాళ్ళ సంగతి, మా మామ్మ సంగతి చెప్పాను. ఎరువుల కొట్టు సంగతి కూడా దాచలేదు. నా స్నేహితుడు తన భాషలో చెప్తుంటే, చంటిబిడ్డ తల్లి ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకొన్నది.

తిరిగి వచ్చాక మా సంఘములో, కానుక ఇచ్చిన అందరి ముందు నిలబడి నా తప్పు ఒప్పుకొన్నాను. పెద్దలు ఇద్దరు ముఖము చిట్లించారు. అది న్యాయమే. మామ్మ మాత్రం, “నా పదులు ఎక్కడున్నాయి అయ్యగారూ?” అని అడిగింది. ఎరువుల కొట్లో మారాయని చెప్పాను. “సరే, అవి తిరిగి తిరిగి ఎవరి ఆకలో తీరుస్తాయిలే. ఇక్కడ మిగిలినది మాత్రం చేర్చు” అన్నది. మిగిలిన 36,000 రూపాయలను లెక్కల సహోదరి, ఇద్దరు పెద్దలు నాతో కూడా వచ్చి బ్యాంకులో వేశారు. బ్యాంకు నుండే నేపాలుకు డబ్బు పంపే ఏర్పాటు 2008 నుండే ఉన్నదని అప్పుడు తెలిసింది. డిసెంబరులో ఆ దారినే పంపాము. క్రిస్మసుకు ముందు మిగతా సగము కప్పు పడింది.

ఇప్పుడు ఆ వేయి నోటు లేదు. దాని తరువాత వచ్చిన రెండు వేల నోటును కూడా 2023లో వెనక్కు తీసుకొంటున్నట్లు ప్రకటించారు. మామ్మ కొంగున ముడి వేసే పది రూపాయల నోటు మాత్రం ఇంకా చెల్లుతూనే ఉన్నది. మామ్మ ప్రభువునందు నిద్రించి మూడేళ్ళయింది.

ప్రియమైన సంఘ కాపరులారా, పెద్దలారా! బీదల కానుక మీ చేతికి వచ్చినప్పుడు దానిని అందముగా కనబరచాలని చూడకండి. వచ్చినదానిని వచ్చినట్టుగా, పదిమంది ఎదుట, చేరవలసిన చోటికి చేర్చండి. ప్రియమైన విశ్వాసులారా! ఇచ్చుటకు మా యొద్ద పెద్ద నోట్లు లేవని వెనుకాడకండి. మీ పదులున్నాయి. మీ చేతులున్నాయి. మా కొత్త మందిరములో ఇప్పుడు కానుకల పెట్టె ప్రక్కన ఆ గుడ్డ సంచి మేకుకు వ్రేలాడుతూ ఉంటుంది. ప్రయాణమై వెళ్ళేటప్పుడు నేను దానినే భుజాన వేసుకొని వెళ్తున్నాను.